రణంబీడులో తొలి తిట్టు

పొదిలి అవతల ఒక ఊళ్ళో ఖాదర్‌బీ బజ్జీల బండి దగ్గర ఆగినవాళ్ళెవరూ ఆమెని గయ్యాళి అనరు. "వేడిగా ఉన్నాయి నాయనా, చూసుకుని తిను" అనే మనిషి. కానీ ఏడాదికోసారి, మిరప కోతలయ్యాక వచ్చే ఆదివారం పూట మాత్రం, అమ్మో, ఆ నోటికి దూరం నుంచే దణ్ణం పెట్టాలి!

ఆ రోజు ఊరి పక్కన రణంబీడులో తిట్ల జాతర. ఎన్ని తరాల కిందటో అన్నదమ్ములిద్దరు అక్కడే కొట్టుకుని, రెండు సేనలూ ఒకే మట్టిలో కలిసిపోయాయట. అన్న సేన వారసులు పైవీధి, తమ్ముడి సేన వారసులు కిందివీధి. కత్తులు పోయి తిట్లు మిగిలాయి. రెండు వీధులూ బీడుకి చెరోపక్క నిలబడి నోరారా తిట్టుకుంటాయి. ఎవరికీ కోపం రాకూడదు. మధ్యాహ్నం పంక్తిలో, ఎవరు తిట్టారో వాళ్ళే తిట్లు తిన్నవాళ్ళకి తమ చేత్తో తొలిముద్ద పెట్టాలి, ఆ తర్వాతే తాము తినాలి. పరాయి ఊరివాళ్ళని మాత్రం తిట్టరు. ఈ యుద్ధంలో వాళ్ళకేం భాగముందని?

ఖాదర్‌బీ కిందివీధికి కోడలై వచ్చినప్పుడు నోట్లో నాలుక లేని పిల్ల. మొగుడు మాబు సాహెబ్ ఏమడిగినా తలూపడమే. మొదటి ఏడు జాతరలో అత్తగారు వీపు మీద ఒక్కటేసి బీడులోకి తోసింది. ఎదురుగా పైవీధి పూజారి గురునాథం.

"ఏమర్రా, కిందివీధికి నోళ్ళు కరువై మూగదాన్ని తెచ్చుకున్నారా?" అన్నాడు.

అంతే! "నీ దుంప తెగ! నీ మంత్రాలు వినలేక దేవుడే చెవుల్లో దూది పెట్టుకున్నాడు కదరా!" అనేసింది. అన్నాక తనే నోరు మూసుకుంది. జనం పడీ పడీ నవ్వారు. మధ్యాహ్నం ఆమె పప్పన్నం ముద్ద కలిపి పెట్టింది. గురునాథం కళ్ళు మూసుకుని గుటుక్కున మింగాడు.

ఆనాటి నుంచి తొలి తిట్టు ఆమెదే. మాబు సాహెబ్ పోయాక ఆ నోటితోనే బండి పెట్టుకుని బతికింది. ఆ బీడు తనకి మాట నేర్పిన తల్లి అని ఆమె లెక్క.

అలాంటి బీడులో ఈ ఏడు ఒక బోర్డు లేచింది. "వీరభూమి ఎన్‌క్లేవ్" అట! ఒంగోలు నుంచి శశిభూషణ్ అనే రియల్ ఎస్టేట్ ఆయన దిగాడు. బీడు కాగితాల్లో గురునాథం పేరు మీదుంది. జాతర మర్నాడే రిజిస్ట్రేషన్.

ఖాదర్‌బీ గుడి మెట్ల దగ్గరికి పరిగెత్తింది. "నిజమేనా పంతులు గారూ?"

"గడ్డి కూడా మొలవని నేలమ్మా. ఎంతకాలం కాపలా కాయను? జాతరకి పార్కు వదుల్తానన్నాడు లే."

"పార్కులోనా? ఇళ్ళవాళ్ళ నిద్ర చెడకుండా గుసగుసగా తిట్టుకోవాలా?"

గురునాథం గంట కొట్టుకుంటూ లోపలికెళ్ళిపోయాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఈసారి ఆయన్ని ఏకిపారేస్తుందని ఊరంతా అనుకుంది.

జాతర వచ్చింది. షామియానా కింద నల్లకళ్ళద్దాలతో శశిభూషణ్, ప్రకటన కోసం వీడియో తీయిస్తున్నాడు. ఖాదర్‌బీ ముందుకొచ్చి కొంగు బిగించింది. గురునాథం ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"నమస్కారం పంతులు గారూ. ఒంట్లో బాగుంటోందాండీ?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గురునాథం నవ్వాడు. "ఓసేయ్, నీ బజ్జీలు తిని నా పళ్ళు ఊడాయే!" అని కవ్వించాడు.

"అయ్యో, డాక్టరుకి చూపించుకోండి" అంది. వెనక కిందివీధి మొత్తం చేతులు జోడించింది.

"తిట్టవేమే?" అంటూ ఆయన ఒకడుగు ముందుకేశాడు.

"పరాయివాళ్ళని తిట్టే ఆచారం మాకు లేదండీ."

ఆయన్నొక్కణ్ణే వదిలేసి రెండు వీధులూ మామూలుగానే తిట్టుకున్నాయి. పంక్తిలో అందరి నోటికీ ముద్దలందాయి. గురునాథం విస్తట్లో అన్నం ఉంది, పెట్టే చెయ్యి లేదు. ఎదుటి వరసలో ఖాదర్‌బీ కూడా ముట్టకుండా కూర్చుంది. ఆయన కాసేపు విస్తరి వంక చూశాడు. చివాల్న లేచి షామియానా వైపు నడిచాడు.

"ఆ బోర్డు పీకించండి శశిభూషణ్ గారూ. అమ్మడం లేదు."

"అదేంటి సార్! ఆవిడ మర్యాదగానే మాట్లాడింది కదా?"

"అదేనయ్యా నా బాధ!"

తిరిగొచ్చి తలొంచుకుని విస్తరి ముందు కూలబడ్డాడు. ఖాదర్‌బీ పప్పన్నం కలిపి ముద్ద చేసింది. కళ్ళనీళ్ళు బుగ్గల మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

"నీ జిమ్మడ, గురునాథం! పొద్దుట్నించి నన్ను ఆకలితో మాడ్చి చంపావు కదరా సన్నాసీ! తెరువు నోరు!"

ఆయన నోరు తెరిచాడు.