పడుగులు పరిచిన వీధి

మొన్న మా మనవరాలు, ఎవరో స్నేహితురాలు ఇచ్చిన నేతచీర ఒకటి తెచ్చి, దీనికేదో వాసన వస్తోంది అమ్మమ్మా, ఉతికితే పోతుందా అంటూ నా ఒళ్ళో పడేసింది. మడత విప్పి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాను. గంజి వాసన. కాస్త పులిసినట్టు, కాస్త తియ్యగా ఉండే నేతగంజి వాసన. పోతుందిలే అన్నానుగానీ, ఆ సాయంత్రమంతా ఆ చీరను ఉతకనివ్వలేదు.

పంతొమ్మిదేళ్ళు నిండీ నిండకుండానే టీచరు ట్రైనింగు పూర్తిచేసి చీరాలలో ఆడపిల్లల బడికి పంతులమ్మగా వెళ్ళాను. యాభైల చివరి సంవత్సరాలవి. మాది పొదిలి పక్క పల్లె. వాన పడితే జొన్నా కందీ, పడకపోతే ఆకాశంకేసి చూడటం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెళ్ళికాని పిల్లను ఊరుగాని ఊరు ఒంటరిగా పంపుతావా అని చుట్టాలంతా నిలదీసినా నాన్న పంపడానికే సిద్ధమయ్యాడు. విత్తనాల అదును కాబట్టి చీరాల దాకా రాలేక, ఒంగోలులో నన్నూ నా ట్రంకుపెట్టెనూ ప్యాసింజరు ఎక్కించి, బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకునే నిలబడ్డాడు.

పిల్లల్లేని నేతవారి ఇంట్లో వీధివైపు గది అద్దెకు దొరికింది. ఇంటావిడను పిన్ని అనీ, ఆయనను బాబాయి అనీ పిలవడం తరవాత అలవాటైంది. మొదటిరోజు మాత్రం ఆవిడంటే హడలిపోయాను. తెల్లవారేసరికి వీధి ఈ చివరినుంచి ఆ చివరికి పడుగులు, అంటే మగ్గానికెక్కించబోయే నిలువుపోగులు, బారుగా సాగదీసి గంజి పట్టించి పెద్ద పెద్ద కుంచెలతో దువ్వుతున్నారు. బడికి వేళవుతోందని కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దాటబోయాను.

"అమ్మాయ్, ఆగు! పడుగు దాటకూడదు! చుట్టూ తిరిగి పో!" అని పిన్ని వీధంతా వినబడేలా కేకేసింది.

చుట్టూ తిరిగి వెళుతూ దారంతా ఏడ్చాను. ఆ ఊళ్ళో నాకేదీ నచ్చలేదు. తుడుచుకున్నకొద్దీ అంటుకునే ఉప్పుగాలి, గొంతు దిగని నీళ్ళు, పొద్దస్తమానం మగ్గాల టకటక. మా ఊళ్ళో మధ్యాహ్నప్పూట చేలమీద గాలి తప్ప మరో చప్పుడుండేది కాదు. దసరా సెలవులకు ఇంటికెళ్ళి, ఎలాగైనా మన వైపుకి మార్పించు నాన్నా అని బతిమాలితే, నాన్న, సరేనమ్మా, చూద్దాం అన్నాడు.

కార్తీకం వచ్చీరాగానే గాలివాన పట్టుకుంది. మధ్యాహ్నానికే బడి వదిలేశారు. ఇంటికి వచ్చేసరికి మగ్గం గుంటలో, కాళ్ళు పెట్టుకుని నేసేచోట, నీళ్ళు ఊరుతున్నాయి. బాబాయి ఉబ్బసంతో మంచంమీద ఎగశ్వాస తీస్తున్నాడు. కప్పు తాటాకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. పిన్ని మాత్రం మగ్గాన్ని పట్టుకుని కదలనంది.

"ఆయన్ని తీసుకుని నువ్వు పోవే అమ్మాయ్. ఈ పడుగు తడిసిందంటే ఇంక మేం చేసేదేముంది?"

మా బడి మిద్దె భవనం, కాస్త మెరకమీద ఉంది. దగ్గరలో ఉండేదాన్నని తాళంచెవి నా దగ్గరే ఉంచేవారు. అయితే ఎవరొచ్చి అడిగినా తలుపు తియ్యవద్దని మా పెద్ద పంతులమ్మగారి గట్టి ఆజ్ఞ. కొత్త ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉండనే ఉంది.

"పడుగుతో సహా పోదాం పిన్నీ. బడి తెరుస్తాను" అన్నాను.

పడుగును, పోగులు దూర్చిన అచ్చుతో సహా చుట్టి, ఈతచాపలో పెట్టి, ఆవిడ ఒక కొసా నేనొక కొసా పట్టుకున్నాం. ఇద్దరు పొరుగువాళ్ళు బాబాయిని మంచంతో సహా ఎత్తారు. మమ్మల్ని చూసి వీధి వీధంతా కదిలింది. పొద్దుగూకేసరికి మా మూడో తరగతి గదినిండా చాపచుట్టలే, వాటిని ఆనుకుని పిల్లలూ, ముసలివాళ్ళూ.

మర్నాడు వాన తెరిపిచ్చాక పెద్ద పంతులమ్మగారు మోకాలిలోతు బురదలో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ గదంతా కలయజూసి, "పసివాళ్ళకి పాలున్నాయటమ్మా?" అని మాత్రం అడిగారు.

గాలివాన సంగతి విని, రైళ్ళు నిలిచిపోవడంతో నాన్న ఒంగోలునుంచి పట్టాలవెంబడి నడిచి వచ్చాడు. అప్పటికి ఎండ కాసింది. చాపలోనూ కాస్త చెమ్మగిల్లిన పడుగును వీధిలో ఆరేస్తూ ఒక కొస పట్టుకుని ఉన్నాను. నన్ను చూసి అక్కడే అరుగుమీద కూలబడి, కండువాతో ముఖం కప్పుకున్నాడు. కాసేపటికి తేరుకుని, "పోదాం పదమ్మా. నీ ఉద్యోగం వద్దు, ఏం వద్దు" అన్నాడు.

పిన్ని లోపలికెళ్ళి, నా గిన్నెలు తోమి సర్దడం మొదలుపెట్టింది. ఆ గిన్నెల చప్పుడు వింటూనే నేను పడుగు కొస గట్టిగా పట్టుకున్నాను.

"నేను రాను నాన్నా. ఇక్కడే ఉంటాను."

పరాయి ఇంట మంచినీళ్ళు కూడా ముట్టని నాన్న, ఆ పూట కాళ్ళు కడుక్కుని పిన్ని వేసిన విస్తరి ముందు కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు ఆవిడతో, "రాత్రిళ్ళు మా పిల్లకి భయమమ్మా. దీపం బొత్తిగా ఆర్పెయ్యమాకండి" అన్నాడు.

ఆ మాఘపౌర్ణమికి పిన్ని నన్ను రెండెడ్లబండిలో వాడరేవుకి సముద్రస్నానానికి తీసుకెళ్ళింది. అంతదాకా సముద్రాన్ని చూడనేలేదు. నీళ్ళలో దిగనని మొరాయిస్తే ఆవిడ రెక్క పుచ్చుకుని లాక్కుపోయింది. అల వచ్చి ఇద్దరినీ పడదోస్తే, ఆ తడిసిన చీరల్లో ఇసకలో చతికిలబడి కడుపుబ్బ నవ్వుకున్నాం. అప్పటినుంచి ఎన్ని సెలవులొచ్చినా మా ఊళ్ళో నాలుగురోజులుండేసరికి ఏదో వెలితిగా ఉండేది. మగ్గాల చప్పుడు లేకుండా నిద్ర పట్టడంలేదని నాన్నతో అంటే నవ్వేవాడు.

పెళ్ళయి గుంటూరు వచ్చేశాక, పిన్ని ఉన్నన్నాళ్ళూ వేసవికి ఒకసారైనా వెళ్ళేదాన్ని. ముందు బాబాయి పోయాడు, తరవాత ఆవిడా పోయింది. ఆ మధ్య ఎవరిదో పెళ్ళికి చీరాల వెళ్ళినప్పుడు పట్టుబట్టి ఆ వీధికి తీసుకెళ్ళమన్నాను. సిమెంటు రోడ్డు, రెండు పక్కలా మేడలు, మోటారు సైకిళ్ళు. ఒక్క పడుగూ లేదు, ఒక్క మగ్గం చప్పుడూ లేదు. మా ఇల్లు ఏదో కూడా పోల్చుకోలేకపోయాను. గుమ్మంలో నిలబడ్డ ఒక అమ్మాయి, ఎవరికోసమండీ అని మర్యాదగా అడిగితే, ఎవరి పేరు చెప్పాలో తెలియక, ఎవరికోసమూ కాదులే అమ్మా అనేసి కారెక్కాను.

ఆ ఊళ్ళో నన్నెరిగిన మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు. అయినా ఎవరైనా మీది ఏ ఊరండీ అని అడిగితే, పొదిలి అనబోయి, ఇవాళ్టికీ ఒక్క క్షణం ఆగుతాను.