కంబళి డేరా

రేపు మా హిందూపురం బడి స్కౌట్లందరం పెనుకొండ కొండ కింద డేరాలు వేసుకుని ఒక రాత్రి గడపాలి. నాకిదే మొదటిసారి. డేరా కొనే తాహతు లేక నేనూ, నా తోటి స్కౌటు నాగరాజూ మా రెండిళ్ల కంబళ్లనూ కలిపి మూడు సాయంత్రాలు దబ్బనంతో కుట్టాం.

ఈ రోజు మధ్యాహ్నం నాగరాజు కత్తెర పట్టుకుని వచ్చాడు.

"మా అవ్వకు చలిజొరం వచ్చిండాదప్పా. మా కంబళి ఇచ్చెయ్యి."

అవ్వ కంటే డేరా ఎక్కువా? కుట్లన్నీ నేనే కత్తిరించి ఇచ్చాను.

మనసాగక, అమ్మ చేత శొంఠి కషాయం పెట్టించుకుని సాయంత్రం అవ్వను చూడబోయాను. అవ్వ గడపలో కూర్చుని నిక్షేపంగా శెనక్కాయలు ఒలుస్తోంది.

"నువ్వింకా ఈడే ఉండావేమప్పా? మీ డేరాకని నాగరాజు అప్పుడే కంబళెత్తుకుని పాయె కదా!"

బడి మైదానంలో అందరూ డేరాలు వేసి చూసుకుంటున్నారు. మునసబు కొడుకు తెచ్చిన కొత్త కాన్వాసు డేరాలో, ఆ కంబళి పరుచుకుని నాగరాజు కాళ్లు చాపుకున్నాడు. నన్ను చూసి కాళ్లు ముడుచుకున్నాడు.

కషాయం చెంబు వాడి ముందు పెట్టి, "అవ్వకు తాపించు" అని వచ్చేశాను.

ఒక్క కంబళితో డేరా ఎట్లా వేయాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. కుట్టడానికి మాత్రం ఎవరూ తోడు రావద్దు.