వెనక ఇరుసు నూనె, వీణ వంతు

ఆ పొద్దున నేను షెడ్డుకు పోయింది కారు నూనె మార్పించడానికే కాదు, ఒక మనిషి దొంగతనం పట్టుకోవడానికి కూడా.

బోధన్‌లో మా భజన సంఘం ఏటా కార్తీకంలో ఏడు రోజుల సప్తాహం చేస్తుంది. ఆ ఏడు రోజులూ పాండురంగడి ముందు వీణ ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజానికి మారాలి తప్ప నేలకు దిగకూడదు. ఎవరు ఏ గంటకు పట్టాలో జాబితా రాసేది నేను. మా నాన్న, బాపు, పోయాక ఆ పని నాకు వచ్చింది. తులసిమాల వేసుకుని, అబద్ధమాడకుండా, ఒకరి వస్తువు ముట్టకుండా బతికేవాడే వీణ పట్టాలని మా నియమం. ఆ ఏడాది ఏకాదశి పొద్దటి వంతు దగ్గర పేరు రాయకుండా ఖాళీ వదిలాను. ఇరవై ఏళ్లుగా ఆ వంతు మా మెకానిక్‌ది.

నా అనుమానం బాపు అంబాసిడర్ గురించి. వానకాలంలో బ్రేకుల పనికని నాలుగు రోజులు ఆయన దగ్గర వదిలాను. తర్వాత నెల తిరగకముందే, నిజామాబాద్ రోడ్డు మీద వేగం నలభై దాటితే చాలు, వెనక సీటు కింద తేనెతుట్టె కదిలినట్టు మోత. ఎన్నో ఏళ్ల కింద ఇలాంటి మోతే ఉండేది. ఒక ఏటి సప్తాహానికి ముందు ఉన్నట్టుండి ఆగిపోయింది. అది దేవుడి దయ అని సంఘంలో లేచి చెప్పింది కూడా నేనే. మరి ఇప్పుడు మళ్లీ ఎందుకొచ్చింది?

వెనక ఇరుసు మధ్యలో, ఉబ్బెత్తుగా కనిపించే పెట్టెలో, పెద్ద పళ్ల చక్రం ఉంటుంది. దాన్ని క్రౌన్ అంటారు. అంత పాత బండికి అసలు క్రౌన్ ఇప్పుడు దొరకడం కష్టం. నవీపేట్‌లో మూలన పడ్డ ఒక అంబాసిడర్‌ను ఈ మెకానిక్కే ఆ వానకాలంలో మళ్లీ నడిపించాడని విన్నాను. రెండింటినీ ముడిపెట్టడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. సందేహం మనిషిని లోపలినుంచి తింటుందని పారాయణంలో పదిమందికి అర్థం చెప్పినవాణ్ణి నేనే.

నూనె నేనే కొని, డబ్బా మూత మీద పసుపు బొట్టు పెట్టాను. మారిస్తే తెలియాలని.

"రామకృష్ణ హరి, తమ్మీ," అన్నాడు మెకానిక్. "బండి ఇడిసిపెట్టి పో, సాయంత్రం రా."

"లేదన్నా, కూసుంట."

"డబ్బకు బొట్టు పెట్టినవ్. కొబ్బరికాయ తేలేదా?"

నేను నవ్వలేదు. ఆయన జాకీతో బండి వెనక భాగం ఎత్తి, కింద దిమ్మలు పెట్టాడు. ఆయన రెండు చేతులూ కనిపించేలా గొంతుక్కూర్చున్నాను. పానా పెట్టింది కింది బిరడాకు కాదు, నూనె పోసే పై బిరడాకు.

"నూనె కింది నుంచి గదా తీసేది?"

"పోసే దారి తెరుసుకుంటదో లేదో ముందు సూడాలె. ఉన్నది కారిపోయినంక పైది రాకపోతే బండి ఈడనే పంటది."

మాట సరిగ్గానే ఉంది. అంత సిద్ధంగా ఉండటమే నాకు నచ్చలేదు.

పై బిరడా కీచుమంటూ ఊడివచ్చింది. ఆయన దాన్ని ఒక్క క్షణం చూసి, మర చుట్టూ ఉన్నదేదో వేళ్లతో లాగి, ఎడమ పిడికిలి మూశాడు. నా వైపు చూడలేదు. తట్ట కిందికి జరిపి, కింది బిరడా కుడి చేత్తోనే విప్పాడు.

నూనె ముదురు పాకంలా నల్లగా దిగింది. దాని వెంట ముద్దలు పడ్డాయి. ఒకటి తీసి నలిపి చూశాను. పీచు.

"ఇదేంది?"

"పిప్పి."

"చెరుకు పిప్పి ఇరుసుల ఎట్లొచ్చింది?"

ఆయన తట్టను ఇంకాస్త లోపలికి నెట్టాడు. అరిగిన పళ్ల మోత దాచాలంటే లోపల ఎండు పిప్పి కూరుతారని మా వైపు బండ్లు అమ్మేవాళ్లకు తెలుసు. కొన్నాళ్లు చప్పుడుండదు.

"నా క్రౌన్ తీసి అరిగింది ఏసినవ్. మోత ఇనపడొద్దని ఇది కుక్కినవ్. ఈ చేతులతోని ఏకాదశికి వీణ ఎట్ల పడుతవన్నా? జాబితాల నీ పేరు రాయలే."

"రాయలేదా?"

"రాయలే."

"రాయకుంటే మానె. నూనె పొయ్యనియ్యి."

నిజాయితీ ఉన్నవాడైతే కొట్లాడేవాడు కదా అనుకున్నాను. "ఎడమ చెయ్యి తెరువు," అన్నాను.

"వద్దు తమ్మీ."

"తెరువు."

తెరిచాడు. అరచేతిలో మైనం పట్టించిన దారం, బిరడా మరల మీది చుట్లు చెదరకుండా అలాగే ఉంది. చివర మూడు మెలికలు వేసి వెనక్కి తిప్పిన ముడి. నా చెయ్యి దానంతటదే నా మెడకు పోయింది. సంఘంలో అందరి తులసిమాలలూ గుచ్చింది బాపే. ఆ ముడి ఇంకెవరూ వేయరు. నా మాలకూ అదే ముడి. నూనె కారకుండా ఈ బిరడాకూ బాపే ఆ దారం చుట్టాడు. క్రౌన్ మార్చాలంటే నూనె తీసి మళ్లీ పోయాలి, మధ్యలో ఎవరు ఈ బిరడా విప్పి తిరిగి బిగించినా దారం తెగిపోవాలి. నా కళ్లముందే మొత్తంగా వచ్చింది, అంటే బాపు తర్వాత దీన్ని ఎవరూ విప్పలేదు.

"మీ అవ్వకు ఆపరేషన్ అయిన ఏడు," అన్నాడాయన మెల్లగా. "వర్ని నుంచి ఒకాయన కారు కొంటనని వచ్చిండు, యాదికున్నదా? బాపు షుగర్ ఫ్యాక్టరీ కాడికెల్లి పిప్పి తెచ్చి ఈడనే నింపిండు. నన్ను ముట్టనియ్యలే. ఈ పాపం నీకెందుకన్నడు. గిన్నేండ్లకు అది మురిగి నుసైంది. అందుకే మళ్ల మోత."

గుర్తుంది. అమ్మ ఆపరేషన్ ఖర్చుకే బాపు కారు అమ్మకానికి పెట్టాడు. ఆ వర్ని ఆయన కారు నడిపి, చప్పుడే లేదని మెచ్చుకుని పోయాడు. మర్నాడే బాపు అమ్మనని కబురు పంపాడు. కారు మీద ప్రేమ అనుకున్నాను. ఆ సప్తాహంలో బాపు వీణ పట్టలేదు. భుజం నొప్పన్నాడు. నేను లేచి దేవుడి దయ గురించి చెబుతుంటే తల దించుకుని కూర్చున్నాడు.

అంత తెలిశాక కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉంది, టార్చి వేసి క్రౌన్ చూపించమన్నాను. ఆయన మారుమాట లేకుండా చక్రం తిప్పాడు. పళ్లన్నీ ఒకే తీరుగా, ఏళ్ల తరబడి అరిగినవి. డీజిల్‌తో లోపల కడిగి, పసుపు బొట్టున్న మూత నాకు చూపించి మరీ తీసి, పై రంధ్రం నుంచి బొట్లు కారేదాకా కొత్త నూనె పోశాడు.

"మోత పోదు," అన్నాడు. "మెల్లగ నడుపుకో."

ఏకాదశి పొద్దున వీణ నా భుజం మీద ఉంది. తర్వాతి వంతు ఆయనది, ఖాళీ వదిలిన చోట పేరు రాసేశాను. వీణ ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఒకరి కాళ్లకొకరు మొక్కాలి. తలపాగా చుట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గోళ్ల చుట్టూ నలుపు ఇంకా పోలేదు.

"దీనికి గూడ గుర్తు పెట్టినవా తమ్మీ?" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

"లేదన్నా," అని వీణ ఆయన భుజానికెత్తి, వంగాను.