నాలుగు దారుల్లో కషాయపు పిప్పి

జబ్బు పోవాలంటే కషాయం కాచిన పిప్పిని దారిలో పొయ్యాలట. తొక్కినవాళ్ళు ఆ జబ్బును మోసుకుపోతారట. దారినపోయేవాడి కాలికి రోగం అంటించడం మంచి ఆచారమెలా అయిందో నాకెప్పుడూ అర్థం కాలేదు. పైగా చైనాలోని అన్‌హుయ్‌లో, మా మూలికల బజారు ఊళ్ళో, అది శుద్ధ తెలివితక్కువ పని. ఇక్కడ పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా వేరు చూసి పేరు చెబుతారు.

లు హెయింగ్ ఆ బజారులో మూలికలు ఏరేది. ఆమె మొగుడు తావ్ గ్వాంగ్‌ఫు అక్కడే మందు వేర్లు తరిగేవాడు. పెళ్ళయి ఏడేళ్ళయినా పిల్లల్లేరు. "గొడ్రాలా" అని వీధిలో అరుస్తూ కొట్టేవాడు. ఒకసారి ఆమె భుజం విరిగింది. ఆ వసంతంలో ఆసుపత్రి పరీక్షలో లోపం అతని వీర్యంలోనే ఉందని తేలింది. బయట చెబితే చంపుతానన్నాడు. ఆమె నోరు మూసుకుని రోజూ అతనికి కషాయం కాచింది. వీధికి మాత్రం అది ఆమె మందు.

రెండు నెలలైనా గుణం కనిపించలేదు. డాక్టరమ్మ అతనికి మలపరీక్ష చేయించింది.

"మందును ఒంటికి పట్టించేవి పేగుల్లోని సూక్ష్మజీవులని అనుకుంటున్నాం. ఎలుకల్లో చూశాం, మనుషుల్లో ఇంకా తేలలేదు. నువ్వేమో రోజూ సారా తాగి, దగ్గొచ్చినా తుమ్మొచ్చినా యాంటీబయాటిక్ మాత్రలు మింగి వాటిని ఊడ్చేశావు. ముందు అవి మానెయ్."

"అంటే నా పేగుల్లో పురుగులు నాకు కొడుకుని కనివ్వాలా?" అని బల్ల గుద్ది వచ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నాలుగు దారుల దగ్గర, తోటి పనివాడు షావ్ బింగ్ గ్వాంగ్‌ఫు ఇంటినుంచి రోజూ వచ్చిపడే పిప్పిని బూటుతో కెలికాడు.

"ఏరా తావ్, మేకల్ని రెచ్చగొట్టే ఆకు, బంగారుతీగ గింజలు... ఇది మగాడి మందు కదరా! మీ ఆవిడకి గడ్డం మొలుస్తోందా?"

బజారంతా నవ్వింది. గ్వాంగ్‌ఫు అతని దవడ పగలగొట్టాడు. కిందపడ్డాక కూడా తన్నాడు. రెండు పళ్ళు నెత్తుటితో ఆ పిప్పిలోనే పడ్డాయి. అక్కడినుంచి ఇంటికి పరుగెత్తాడు.

హెయింగ్ కషాయం కాస్తోంది. జుట్టు పట్టి పడేసి, పొయ్యి పక్కనున్న తరుగుడు కత్తి కింద ఆమె కుడి మణికట్టు పెట్టి, మోకాలితో అదిమాడు.

"ఈ చేత్తోనే కదే పోశావు? ఊరంతా నన్ను చూసి నవ్వాలనా?"

"నేను పొయ్యలేదు. మీ అమ్మని అడుగు!"

పోసింది అతని తల్లే. కొడుకు జబ్బు ఎవరో ఒకరు తొక్కుకుపోతారని రెండు నెలలుగా పోస్తోంది. ఇప్పుడు గడపలో నిలబడి ఉంది.

"చెప్పండి అత్తయ్యా! నా చెయ్యి పోతుంది!"

ఆవిడ కొడుకు మొహం చూసింది, కత్తి చూసింది. "నాకేం తెలుసే?" అంది.

కత్తి పిడి కిందికి కదిలింది. చర్మం తెగింది. హెయింగ్ కాలు చాచి పొయ్యి మీది కుండను తన్నింది. మరిగే కషాయం అతని తొడల మీద పడింది. అతను అరుస్తూ వెనక్కి దొర్లాడు. ఆమె బొగ్గుల పట్టకారు అందుకుని, ఎముక చప్పుడయ్యేదాకా అతని మోకాలి మీద బాదింది.

"మొగుణ్ణి చంపుతావా, పాపిష్టిదానా!" అని అత్త అరిచింది.

"ఇంకో మాటన్నారంటే మీక్కూడా."

మణికట్టుకు తువ్వాలు చుట్టుకుని, నెత్తురు కారుతుండగానే పోలీసు ఠాణాకు నడిచింది. అక్కడి అధికారి టీ పోసిచ్చాడు. "సంసారమన్నాక ఇలాంటివి ఉంటాయమ్మా, సర్దుకుపో," అన్నాడు.

ఆమె తువ్వాలు విప్పి, చేతిని అతని కాగితాల మీద పెట్టింది.

"రాసుకోండి."