ట్రంకు పెట్టె మీద గోనెపట్టా

గజపతినగరం బజారులో ఉమాపతి కిరాణా కొట్టుకు ఒక పేరుంది. ఆయన కాటా మోసం చేయదు. పల్లెల వాళ్ళు నాలుగు కొట్లు దాటుకుని వచ్చి మరీ బెల్లం, చింతపండు ఆయన దగ్గరే కొంటారు. నోటి మాట మీద నడిచిన వ్యాపారం అది. అంతటి మనిషి రెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నాడు. అదీ కన్నకూతురి గురించి.

కూతురు సింధూరి నాలుగేళ్ళ ఒప్పందం మీద ఎయిర్‌ఫోర్స్‌లో అగ్నివీర్‌గా చేరింది. ఊళ్ళో మాత్రం బెంగళూరులో బ్యాంకు ఉద్యోగమని చెప్పాడు. ఆయన భయాలు ఆయనవి. షావుకారింటి పిల్ల బ్యాంకులో కూర్చుంటే మర్యాద. పరేడ్ చేసి, బ్యారక్‌లో పదిమంది మధ్య పడుకుంటుందంటే, "కొట్టు సితికిపోయినట్టున్నాది, పిల్లని మిలట్రీకి తోలేసినాడు" అంటారు. ఆ మాట విజయనగరం దాకా పాకితే హోల్‌సేల్ వాళ్ళు సరుకు ఇవ్వడానికి వెనకాముందాడతారు. పైగా నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోనని సంతకం పెట్టింది. సంబంధాలు అడిగే వాళ్ళకు ఏమని చెప్పడం? భార్య మహాలక్ష్మమ్మ మొదట్లో, "నిజం సెప్పేస్తే మనకేటి పోద్దండీ" అని గొణిగింది. ఆయన కసిరాక ఊరుకుంది.

మొన్న సింధూరి సెలవు మీద వచ్చింది. బస్టాండులో ఆమె పక్కన నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో పేరు, సర్వీసు నంబరు. పెట్టెను ఆటోలో పెట్టించగానే ఉమాపతి వెంట తెచ్చిన గోనెపట్టా దాని మీద కప్పాడు. సింధూరి చూసింది. దారిలో గాలికి ఒక కొస లేస్తే తనే సర్దింది. ఆ సర్దడం చూసి ఉమాపతికి ప్రాణం చివుక్కుమంది. అయినా పట్టా తీయలేదు.

మర్నాడు ఆ పిల్ల కొట్లో తండ్రికి సాయంగా కూర్చుంది. అప్పుడే కొండబాబు వచ్చాడు. పక్క పల్లెలో కూరగాయలు పండిస్తాడు, ఎన్నాళ్ళ నుంచో ఈ కొట్టుకే వచ్చే మనిషి. బెల్లం అడిగి, అరుగు మీద కూలబడ్డాడు.

"సావుకారూ, మా రెండోది ఎయిర్‌ఫోర్సుకెల్తానని పట్టుబట్టి కూకున్నాది. పరీచ్చ కూడా పాసైపోనాది. ఆడపిల్ల, అక్కడెక్కడ పడుకుంటాది, మద్దిలో బాగోకపోతే వచ్చీగలదా, ఎవుల్నడగాలో తెలదు. వద్దని సెప్పేద్దారనుకుంటన్నాను."

ఉమాపతి బెల్లం దిమ్మ కొడుతూ తలెత్తలేదు. "మనకేటి తెలుస్తాది కొండబాబూ" అన్నాడు. అన్నాక కూతురి మొహం చూడలేకపోయాడు.

సింధూరి కొండబాబు వైపు తిరిగింది. "నా ఫ్రెండొకమ్మాయి చేరింది బాబాయ్" అంది. "ఆడపిల్లలకి వేరే బ్యారక్ ఉంటాది. మనిషికో మంచం, ఓ బీరువా. తెల్లారకముందే లేవాలి. దుప్పటి మడత సరిగ్గా లేకపోయినా అడుగుతారు. తిండి మెస్సులోనే. ఏడాదికి నెల సెలవు. నాలుగేళ్ళు కట్టుబడి ఉండాలి, నచ్చలేదని మధ్యలో వచ్చేస్తానంటే కుదరదు. ఆ తర్వాత కొందరినే ఉంచుకుంటారు. ఇవన్నీ తెలిసే వెళ్ళాలి. మొదట్లో రోజూ ఏడుపొస్తాది బాబాయ్. తర్వాత అలవాటైపోతాది."

ఉమాపతి చేయి ఆగిపోయింది. రెండేళ్ళలో ఫోన్లో, "తిన్నావా" అని తప్ప, "ఎక్కడ పడుకుంటున్నావమ్మా" అని ఒక్కసారీ అడగలేదు. పిల్ల అక్కడ ఏడుస్తున్న రోజుల్లో తను ఇక్కడ బ్యాంకు జీతాల గురించి కోతలు కోస్తున్నాడు. సిగ్గుతో ఆయనకు చెవులు వేడెక్కాయి.

"మరా పిల్ల నాన్నేటన్నాడు?" కొండబాబు అడిగాడు.

"ఆయనకి ఎంత గొప్పో బాబాయ్. కనపడిన వాళ్ళందరికీ మా పిల్ల ఎయిర్‌ఫోర్సు అని చెప్పుకుంటాడు. యూనిఫాంలో ఉన్న ఫోటో గోడకి పెట్టుకున్నాడు."

ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. ఎవరి గురించో చెప్పినట్టు మామూలుగా చెప్పింది. దెప్పినా బాగుండేదనిపించింది ఉమాపతికి.

కొండబాబు మొహం విప్పారింది. "అలగయితే ఆ నాన్నతోటి ఓపాలి మాటాడించు తల్లీ. పిల్లని పంపిన మనిసి నోటితో ఇంటే నాకూ దైర్నంగుంటాది. ఫోను నంబరియ్యి."

సింధూరి ఒళ్ళో ఉన్న ఫోన్ వైపు చూసి తల దించుకుంది. కాటా మీద బెల్లం తూకం ఎప్పుడో సరిపోయింది. ఉమాపతి ఇంకా చిన్న ముక్కలు వేస్తున్నాడు, తీస్తున్నాడు.

"ఆ మనిషితోనే మాటాడతన్నావు కొండబాబూ" అన్నాడు చివరికి. "ఎల్లింది మా సింధూరే. గోడ మీద ఫోటో మాత్రం లేదు."

కొండబాబు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి బ్యాంకన్నావు గదా?"

"సిగ్గేసి అన్నాను."

కొండబాబు వెక్కిరించలేదు. నిజంగానే బోధపడక అడిగాడు. "ఇందులో సిగ్గేటున్నాది సావుకారూ?"

ఉమాపతి నోరు తెరిచాడు. బజారు, వ్యాపారం, సంబంధాలు, రెండేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటూ వచ్చినవన్నీ గొంతు దాకా వచ్చాయి. కూతురి ముందు ఒక్కటీ పైకి అనలేకపోయాడు. సింధూరి తలెత్తి, ఆ జవాబు కోసం ఆయన వైపే చూస్తోంది.