మూడో ఎక్స్ఛేంజర్

ఆఫీసులో అందరూ ఆమెను పైపులమ్మ అనేవారు. రంగుల్లో కలిపే ద్రావకాలు తయారుచేసే ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజనీరు. చల్లార్చాల్సిన ద్రవంలోని వేడిని వృథా పోనివ్వకుండా, కాచాల్సిన ద్రవానికి అందించే ఎక్స్ఛేంజర్ల అల్లికలో ఆమెది అందెవేసిన చెయ్యి. ఒకసారి పదకొండు ఎక్స్ఛేంజర్లు కావలసిన చోట ఏడింటితో సరిపెట్టింది. బాయిలర్ ఇంధనంలో మూడో వంతు ఆదా అయింది. మేనేజరు ఆమె ఫోటోను వరండాలో పెట్టించాడు.

ఏడేళ్ల తర్వాత ఏదో పంపు కొలతల కోసం షెడ్డులోకి వెళ్లింది. అక్కడ పెద్ద ఫిట్టరు ఆ ఏడింటిలో మూడో ఎక్స్ఛేంజర్ మూత విప్పి, గొట్టాల్లో గడ్డకట్టిన జిగురును ఇనుప చువ్వతో పొడిచి తీస్తున్నాడు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. ఆ మోచేతిని ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని పొడుస్తున్నాడు.

“ఎన్నాళ్లకోసారి విప్పుతారు మేస్త్రిగారూ?”

“పన్నెండు రోజులకోసారమ్మా. పెట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస.”

“నాకెవరూ చెప్పలేదే!”

“మీరెప్పుడడిగారు గనక?”

అతని గొంతులో నిష్ఠూరమేమీ లేదు. అందుకే ఆమెకు మరీ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం భర్తతో అంది: “అన్నీ లెక్కేశాననుకున్నానండీ. ఉక్కు, ఆవిరి, నీళ్లు, కరెంటు... ఆ ఫిట్టరు చేతిని మాత్రం లెక్కలో వెయ్యలేదు.”

“తెలిసి చేశావా ఏంటి?”

“అడక్కుండా చేశాను.”

తొమ్మిది రోజులు కూర్చుని మళ్లీ లెక్క కట్టింది. ఆ ఒక్క ఎక్స్ఛేంజర్‌లోనే జిగట ద్రవం వేడినంతా పిండేస్తున్నారు. పూర్తిగా చల్లారి అది గోడలకు పట్టేస్తోంది. కాస్త వేడిగా ఉండగానే వదిలేసి, తగ్గిన వేడిని చిన్న ఆవిరి హీటరుతో భర్తీ చేయాలి. ఇంధనం పెరుగుతుంది, నిజమే. కానీ శుభ్రం చేసిన ప్రతిసారీ ఆగిపోయే ఉత్పత్తిని కూడా కలిపితే, చవకనుకున్న పాత అల్లికే ఖరీదైనదని తేలింది.

మేనేజరు తల పట్టుకున్నాడు. “మీ ఫోటో పెట్టించింది నేనే. ఇప్పుడు మీరే తప్పంటే, ఏ మొహం పెట్టుకుని పైవాళ్లకి చెప్పమంటారు?”

“నా మొహమే పెట్టండి సార్, వరండాలో ఉందిగా!”

ఆయనకు నవ్వాగలేదు. అయినా అనుమతి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

హీటరు వచ్చాక ఆ మూత ఏడాదికి రెండుసార్లు విప్పితే సరిపోయింది. ఫిట్టరు భుజం మాత్రం బాగుపడలేదు. ఆమె పట్టుబట్టి అతన్ని స్టోరులో కూర్చునే పనికి మార్పించింది.

అప్పటినుంచి ఏ డిజైనైనా ఖాయం చేసే ముందు షెడ్డుకు తీసుకెళ్లి, పనిబల్ల మీద పరిచి, ఎక్కడ చెయ్యి పెట్టాల్సి వస్తుందో ఫిట్టర్లనే చూపించమనేది. వాళ్ల మాట మీద మూడు డిజైన్లు మారాయి. అందులో ఒకదానికైతే ఆ పెద్దాయనే స్టోరు నుంచి వచ్చి, ఆసాంతం పరికించి, అడ్డంగా తలూపి వెళ్లాడు.