మావయ్య గంప ఎత్తని పెళ్లి

పోయిన నెల బలిఘట్టంలో దూరపు బంధువుల ఇంట పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి తెచ్చే వేళ, ఆ పిల్ల మేనమామ, కాస్త భారీ మనిషి, పంచె బిగించుకుంటూ వెనకాముందూ ఆడుతుంటే పేరంటాళ్లలో ఒకావిడ, "ఏటన్నయ్యా, కోటవురట్ల నడుంనొప్పి గానీ వొచ్చిందేటి?" అంది. అందరూ గొల్లున నవ్వారు. మా చుట్టాల్లో ఆ మాటకు అర్థం వంక చెప్పి తప్పించుకోవడం. అది ఎక్కడ పుట్టిందో ఆవిడకు తెలిసుండదు. నాకు తెలుసు. పాతికేళ్లు దాటింది, దాన్ని పుట్టించింది నేనే. ఆ మాట మా చెల్లి పెళ్లిలో, మా అమ్మ తమ్ముడి మీద అన్నాను. ఆ రోజు మా పందిట్లో కూర్చున్నవాళ్లు, నా ఈడువాళ్లు, చాలామంది ఇంకా బతికే ఉన్నారు. వాళ్లకోసం అసలు సంగతి రాస్తున్నాను.

మావయ్యది కోటవురట్ల. ఊరికి దూరంగా చెరకు తోటల్లో బెల్లం గానుగ, దాని పక్కనే ఇల్లు. నాన్న లేని మా ఇంటికి కష్టం వచ్చినా సుఖం వచ్చినా ముందు నిలబడింది ఆయనే. మా చెల్లిని తన కొడుక్కి చేసుకోవాలని ఆయనకు ఉండేది. చెల్లి డిగ్రీ చదివింది, వాళ్ల అబ్బాయి పదితో ఆపేశాడు, అందుకని అమ్మ రావికమతంలో ఒక మాస్టారి సంబంధం ఖాయం చేసింది. ఆ సంగతి విని మావయ్య, "గుంట సుఖపడితే సాలు గదక్కా" అని కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆయన మామూలుగా అన్న ఆ మాటను మేమెవ్వరం మామూలుగా తీసుకోలేదు. లోపల మండుతున్నాడు, ఎప్పుడో బయట పడతాడు అని ఇంట్లో అందరం ఒక నిర్ణయానికి వచ్చేశాం. ఇక ఆయన ఏం చేసినా మా కళ్లకు అది ఆ మంటే అవుతుందని అప్పుడు మాకు తెలియదు.

పెళ్లి నర్సీపట్నంలో, మా వీధిలోనే షామియానా వేసి చేశాం. ముహూర్తం పొద్దున్నే. అప్పుడప్పుడే ఎరువుల షాపులో గుమస్తాగా చేరిన నేను పెళ్లిపెద్దనన్న గర్వంతో తెగ తిరుగుతున్నాను. తెల్లవారుతూనే రావలసిన మావయ్య గంప ఎత్తే వేళకు గానీ రాలేదు. ఒంటరిగా, తడి ఆరని తలతో వచ్చి షామియానా అంచు దాటకుండా వీధిలోనే నిలబడిపోయాడు. అమ్మ పరుగున వెళ్లి చెయ్యి పట్టుకోబోతే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నడుం పట్టేసిందక్కా. ఇంకెవులిసేతైనా ఎత్తించీండి. ముహూర్తం దాటిపోద్ది, బేగి కానీండి."

అమ్మ ముఖం మాడిపోయింది. నేను పందిట్లోంచే, పదిమందికీ వినబడేలా అన్నాను: "మొన్న లారీకి బెల్లం దిమ్మలెత్తినప్పుడు లేదేటి మావా ఈ నొప్పి? కోటవురట్ల నడుంనొప్పి మేనకోడలి పెళ్లికే వస్తాదేటి?"

ముందు ఒకరు నవ్వారు. మిగతావాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు, తరవాత వాళ్లూ నవ్వారు. అందులో ఆయన్ని ప్రేమించేవాళ్లు కూడా ఉన్నారు. కానీ అంతమంది నవ్వుతుంటే అది నవ్వే సంగతే అనుకుని ఉంటారు. వరసకు మేనమామ అయ్యే ఇంకొకాయన గంప ఎత్తాడు. మావయ్య తలంబ్రాలు పడేదాకా ఎండలో నిలబడి, భోజనానికి కూర్చోకుండా వెళ్లిపోయాడు.

ఆ తరవాత వారం రోజులు మా ఇంట్లో అదే పంచాయితీ. విస్తరి ముట్టలేదు, అవమానం. అత్తను తేలేదు, అదీ అవమానమే. రెండు నెలల బిడ్డతో వాళ్లమ్మాయి పుట్టింట్లో ఉందని, అత్త కదలలేదని మాకు తెలిసి కూడా ఆ కారణం ఒక్కరి నోటా రాలేదు. అంతలో ఆ పసిబిడ్డ పోయిందని కబురొచ్చింది. పెళ్లి మర్నాడు పోయిందన్నారు. శుభకార్యంలో అలా చేసినవాడికి దేవుడు చూపించాడు అని వీధరుగు మీద కూర్చుని అన్నది కూడా నేనే. అమ్మ నన్ను వారించలేదు, పరామర్శకూ వెళ్లలేదు. అంతే, రాకపోకలు తెగిపోయాయి. ఏళ్ల తరవాత అమ్మ పోయినప్పుడు మావయ్య పుట్టింటి చీర తెచ్చి కప్పి, ఒక మూల నిలబడ్డాడు. లోకం కోసం వచ్చాడులే అనుకున్నాం.

నిరుడు మావయ్య పోయాడు. పెద్దకర్మకు వెళ్లాను. భోజనాలయ్యాక వాళ్లమ్మాయి, ఆ బిడ్డ తల్లి, గానుగ పక్కన నన్ను ఆపింది. బిడ్డ పోయింది పెళ్లి మర్నాడు కాదట. పెళ్లి రోజు తెల్లవారుజామునట. మావయ్య తన చేతుల్తోనే పాతిపెట్టి, బావి దగ్గర తలమీద నీళ్లు పోసుకుని, తడి బట్టలు మార్చుకుని బస్సెక్కాడట. ఆ చేతులతో పెళ్లికూతురి గంప ముట్టుకోకూడదు. అసలు రాకపోతే అక్క కంగారుపడి కబురు పెడుతుంది, పెళ్లి ఆగుతుంది. వచ్చి చెబితే చావు కబురు పందిట్లో పడుతుంది. పెళ్లయ్యాక నిజం చెబితే, రేపు ఆ పిల్ల కాపురంలో ఏ చిన్న కష్టం వచ్చినా మైలలో జరిగిన పెళ్లి అంటారు. అందుకని రోజు మార్చి చెప్పమని ఇంట్లో అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడట.

"నాను ఏడవకుండా నోట్లో కొంగు కుక్కుకున్నాను బావా, మీ సెల్లి పెళ్లి కోసం. నీ మాట ఆ సాయంత్రమే మాకు సేరిపోయింది," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మా అమ్మాయి బి.ఎడ్. చదువుతోంది. దానికి ఇదంతా చెబితే తన సైకాలజీ పాఠంలో ఉన్నదే ఇది అంది. మనం విసుక్కుంటే ఎండ వల్ల, నిద్ర లేక అనుకుంటామట, ఎదుటివాడు విసుక్కుంటే వాడి బుద్ధే అంత అంటామట. నిజమే. ఆ పెళ్లిలోనే పెళ్లివారి ముందు వంటవాణ్ణి నేను నానా మాటలూ అన్నాను. పాపం కుర్రాడు పెళ్లిపనులతో రెండు రాత్రులు నిద్రపోలేదు అని అందరూ నన్ను వెనకేసుకొచ్చారు, నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. లోకమంతా చేసే పొరపాటే నాన్నా అని మా అమ్మాయి ఓదార్చబోయింది. నాకు ఓదార్పు కలగలేదు. లోకమంతా ఆయనకు మేనల్లుడు కాదు.

మావయ్య దాచిన సంగతి బయట పెట్టడం ఆయనకు మళ్లీ ద్రోహమేమోనని చాలా రోజులు ఆగాను. చివరికి రావికమతం వెళ్లి ముందు మా చెల్లికి చెప్పాను. "రాయి అన్నయ్యా, అందరికీ తెలియనీ," అని, నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చి అడిగింది: "ఆ రోజు ఆయనకి మంచినీళ్లైనా ఎవరైనా ఇచ్చారా?"

నాకు తెలియదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఇప్పుడు పెళ్లికి రాలేనివాళ్లు ఎందుకు రాలేదో ఫోనులోనే చెప్పేస్తున్నారు, ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి ఫొటోతో సహా. మా రోజుల్లో మనుషులు ఒకరి శుభం చెడకూడదని తమ దుఃఖం మింగి వచ్చి ఎండలో నిలబడేవారు. అలాంటివాళ్లు ఇప్పుడు తగ్గిపోయారని బాధపడే హక్కు నాకుందో లేదో తెలియదు. ఒకాయన అలా వచ్చి నిలబడితే, ఏమైంది మావా అని అడగడానికి నేను పందిరి దాటి వెళ్లలేదు.